నీళ్ళ కాపలా

ఆ గదిలో తడి అన్నది లేకుండా చేశారు. పొద్దున్నే నర్సు వచ్చి సింకు కుళాయికి తెల్ల టేపు గట్టిగా చుట్టేసింది, మంచం పక్కనున్న జగ్గూ గ్లాసూ తీసుకుపోయింది, కిటికీలో ఎవరో వదిలేసి వెళ్ళిన పూలకుండీ కింద పళ్ళెంలో నాలుగు చుక్కలుంటే అవి కూడా ఒంపేసి పళ్ళెంతో సహా పట్టుకుపోయింది. “ఇలాంటి పిల్లలు ఏదైనా తాగేస్తారమ్మా, మీకు తెలీదు,” అంది. తెలీదట. అరవై దాటిన మనిషి, జీవితమంతా బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఆ మాటకి బుద్ధిగా తలూపి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, మనవడి పక్కన కూర్చుంది. గోడల మీద మాత్రం, పిల్లల వార్డు కదా అని ఎవరో ముచ్చటపడి సముద్రం వేయించారు. నేల దగ్గర్నుంచి పైకప్పు దాకా నీలమే, అందులో పసుపు చేపలు, నవ్వే తాబేలు, నోట్లోంచి బుడగలు వదిలే ఆక్టోపస్. దాహంతో అల్లాడే పిల్లాణ్ణి తెచ్చి ఈ గదిలో పడుకోబెట్టడానికి ఎంత తెలివి కావాలో అనుకుంది. వాడు ఆ చేపల వంకే చూస్తున్నాడు. పెదవులు ఎండి తెల్లగా పొరలు లేచాయి. “అమ్మమ్మా, చేపలకి ఎప్పుడూ దాహం వెయ్యదు కదా,” అన్నాడు. వెయ్యదు నాన్నా, అంది. నిజానికి ఆమెకి తెలీదు.

కూర్చోవాల్సింది వాడి తల్లి, అంటే ఆమె పెద్ద కూతురు. కానీ కూతురు పొద్దుట్నుంచి బయట రెండుసార్లు ఏడ్చి, మూడోసారి వాడి ముందే ఏడ్చేసరికి నర్సు ఇంక మీరు కిందికి వెళ్ళండమ్మా అంది. వెళ్తూ వెళ్తూ కూతురు “నువ్వు కూర్చో అమ్మా, నువ్వు గట్టిదానివి” అంది. గట్టిదేనా. అందరూ అదే అంటారు. బళ్ళో పిల్లలు ఆమెకి గడియారం అని పేరు పెట్టారు, గంట కొట్టందే ఆమె క్లాసులోంచి ఈగ కూడా బయటికి పోయేది కాదు, మంచినీళ్ళకని వేలెత్తిన పిల్లలకి లెక్క పూర్తయ్యాక అనేది, ఆ లెక్క పూర్తయ్యేసరికి ఇంకో లెక్క సిద్ధంగా ఉండేది. ఎంతమంది వేళ్ళు ఎత్తి దించుకున్నారో. ఇంట్లోనూ ఆమె మాటకి తిరుగులేదు. ఒక్క ఈ మనవడి నీళ్ళ దగ్గరికి వచ్చేసరికే ఎందుకో ఆమె గట్టితనం పనిచేసేది కాదు. వాడు పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళ మనిషి. సెలవులకి వస్తే సీసాలన్నీ ఖాళీ, పక్క దుప్పట్లు రోజూ తడి, ఇంట్లో వాడి పేరే చేపపిల్ల అయిపోయింది. తల్లి కసిరేది, తండ్రి చీకటి పడ్డాక నీళ్ళు బంద్ అనేవాడు, ఈమె మాత్రం అందరూ పడుకున్నాక వాడి తలగడ పక్కన సీసా నింపిపెట్టి ఏమీ ఎరగనట్టు వెళ్ళి పడుకునేది, పొద్దున్నే ఎవరూ లేవకముందే తడిసిన దుప్పటి తనే ఉతికేసేది. ఎందుకలా చేస్తున్నానని తనని తాను ఎప్పుడూ అడగలేదు. పిల్లల్ని నిలబెట్టి ఎందుకు, ఎలా అని అడగడమే గానీ, తనని ఎవరైనా అలా అడిగితే, ఆ అడిగేది తనే అయినా సరే, ఆమెకి కిట్టదు.

“నువ్వు ఎప్పుడూ ఇస్తావుగా అమ్మమ్మా.” అదొక్కటే వాడి దగ్గరున్న వాదన, దాన్ని వాడు ఎన్ని రకాలుగా తిప్పాలో అన్ని రకాలుగా తిప్పాడు. నాలిక తడుపుకుంటానంతే, మింగనులే. పుక్కిలించి ఉమ్మేస్తా, నువ్వు చూస్తూ ఉండు. గుడ్డ తడిపి మొహం మీద వెయ్యి, తుడుచుకుంటా. ఆ చివరి మాటకి ఆమె గబుక్కున తలుపు వైపు చూసింది, తలుపు అద్దంలోంచి నర్సు బల్ల, దాని మీద తూకం కాగితాలు కనిపించాయి. గంటకోసారి వాణ్ణి తూస్తున్నారు, గంటకోసారి వాడి మూత్రం కొలజాడీలో పోసి వెలుతురుకి ఎత్తి చూస్తున్నారు. నీళ్ళు తాగి ఎన్ని గంటలైనా అది నీళ్ళలాగే తెల్లగా వస్తోంది, అదే రోగం. హార్మోన్ల డాక్టరు చిన్నపిల్ల, ఆమె చిన్న కూతురి వయసుంటుందేమో, పొద్దున కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. ఒంట్లో నీళ్ళు తగ్గితే మెదడు అడుగున ఉన్న గ్రంథి ఒక హార్మోన్ వదులుతుందట, అది నెత్తుట్లో పోయి మూత్రపిండాలకి చెబుతుందట, ఉన్న నీళ్ళు పారబోయకండి, దాచుకోండి అని. ఆ మాట వినడానికి అక్కడొక చెవి లాంటిది ఉంటుంది, రిసెప్టర్ అంటాం, అంది. కొందరు పిల్లలకి హార్మోనే రాదు. కొందరికి హార్మోన్ బ్రహ్మాండంగా వస్తుంది, ఆ చెవే సరిగ్గా తయారవదు. దాన్ని తయారుచేసే జన్యువులో ఎక్కడో ఒక చిన్న మార్పు, పుట్టుకతోనే. “చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టన్నమాట,” అంది ఈమె, క్లాసులో ముందు బెంచీ పిల్లలా. డాక్టరు నవ్వింది. “అంతేనండీ. మెదడు ఊదుతూనే ఉంటుంది, కిడ్నీకి వినపడదు. ఎన్ని తాగినా బయటికే. అందుకే అంత దాహం.” నీళ్ళు ఆపి చూసి, చివర్లో ఆ హార్మోనే సూదిలో ఎక్కిస్తే తేలిపోతుంది, మూత్రం చిక్కబడితే హార్మోన్ లేదన్నమాట, చిక్కబడకపోతే చెవి లేదన్నమాట. ఈ గంట గడిస్తే సూది. ఈ గంట గడవాలి.

ఆ బొమ్మ గీసిన కాగితం మీదే డాక్టరు పెన్ను ఆపి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. వియ్యపురాలు కూడా అక్కడే కూర్చుని ఉంది, మనవడు ఆవిడకీ మనవడే కదా, ముందు ఆవిడే అందుకుంది. “మా వైపు ఎవరికీ ఇలాంటివి లేవమ్మా. మా ఇంట్లో మగాళ్ళందరూ గుండ్రాళ్ళే.” ఆ గుండ్రాళ్ళ మాట గుండ్రాయిలాగే వచ్చి తగిలింది. డాక్టరు “ఇది ఎక్కువగా తల్లి వైపు నుంచే వస్తుందండీ, ఆడవాళ్ళు మోస్తారు, వాళ్ళకి పెద్దగా ఏమీ తెలీదు, మగపిల్లల్లో బయటపడుతుంది” అంటూ ఈమె వైపు తిరిగింది. ఆ గదిలో ఉన్న కళ్ళన్నీ ఈమె వైపు తిరిగాయి. “మీ అన్నదమ్ముల్లో గానీ, మీ అమ్మగారి అన్నదమ్ముల్లో గానీ, చిన్నప్పుడే పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా?” లేరు, అంది. నీళ్ళు నమల్లేదు, గుటక మింగలేదు, వియ్యపురాలి కళ్ళలోకి సూటిగా చూస్తూ మరీ అంది. అబద్ధమాడటం అంత మంచినీళ్ళ ప్రాయమని ఆమెకి అప్పటిదాకా తెలీదు. డాక్టరు రాసుకుంది. “ఉండుంటే వీడికి ఈ బాధ లేకుండా నేరుగా రక్తం తీసి జన్యు పరీక్షకి పంపేదాన్ని. సరే, నీళ్ళాపి చూద్దాం.” అప్పుడైనా అనొచ్చు. ఒక్క నిమిషం డాక్టరుగారూ, అనొచ్చు. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవడమంటే వియ్యపురాలి ముందు, అదిగో మీ నెత్తురే, మీ ఇంటి నుంచే వచ్చింది అనిపించుకోవడం, కూతురు రేపు ఆ ఇంట్లో అత్తగారి ముందు తల దించుకు తిరగడం, ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్క వేసుకుంది. లెక్కల్లో ఆమె ఎప్పుడూ ఫస్టే. ఆ లెక్కలో పిల్లాడి దాహం వేసుకోవడం మాత్రం మర్చిపోయింది. అయినా అప్పుడు పోయినవాడు జ్వరంతో పోయాడు కదా, డాక్టరు అడిగింది ఈ రోగం గురించి కదా, అని కూడా సర్దుకుంది. యాభై ఏళ్ళుగా సర్దుకుంటున్నదే.

తమ్ముడు. ఆ మాట మనసులో అనుకోవడం కూడా ఆమెకి అలవాటు తప్పిపోయింది. ఆమెకి తొమ్మిదేళ్ళు, వాడికి నాలుగు. చీపురుపుల్లలా ఉండేవాడు, తలొక్కటే పెద్దది, అన్నం పెడితే రెండు ముద్దలు తిని నీళ్ళ కోసం పరిగెత్తేవాడు, వారానికోసారి జ్వరం, రోజూ పక్క తడి. నాయనమ్మకి దాని మీద ఒక సిద్ధాంతం ఉంది. నీళ్ళు తాగబట్టే అన్నం తినడు, నీళ్ళు తాగబట్టే జ్వరాలు, నీళ్ళు తాగబట్టే పక్క తడుపుతున్నాడు, నీళ్ళు ఆపితే అన్నీ ఆగుతాయి. ఎంత చక్కగా ఉంది. ఎవరైనా ఒప్పుకుంటారు, వీధి చివర మందులిచ్చే డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. వాడు తాగుతున్నాడు కాబట్టి పోస్తున్నాడని అందరూ అనుకున్నారు, పోసేస్తున్నాడు కాబట్టి తాగుతున్నాడని ఒక్కరికీ తోచలేదు. బళ్ళో ఏ పిల్లాడైనా సమీకరణాన్ని అలా తలకిందులుగా రాస్తే సున్నా చుట్టి చేతికిచ్చేది. ఆ ఎండాకాలం బడికి సెలవులిచ్చారు, అమ్మ దారం మిల్లులో పనికి వెళ్ళేది, నాయనమ్మకి మోకాళ్ళు నొప్పి, కాబట్టి తమ్ముడు నీళ్ళు తాగకుండా చూసే ఉద్యోగం ఆమెకి దొరికింది. వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేది, వెనక కుండ, దాని మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. వాడు వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. “అక్కా, ఒక్క గుక్క. నువ్వు లెక్కపెట్టు, ఒక్కటే.” ఆమెకి లెక్కలిష్టమని వాడికి తెలుసు, నాలుగేళ్ళవాడికి కూడా అక్కని ఎలా ఐసు చెయ్యాలో తెలుసు. ఆమె కరగలేదు. ఒకరోజు పొద్దున పక్క పొడిగా ఉంది. నాయనమ్మ ఆమె తల నిమిరి, వచ్చిన వాళ్ళందరితో “దీనికో పని అప్పజెబితే ఇంక చూసుకోనక్కర్లేదమ్మా” అంది. తల మీద ఆ చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ఆ మాట కోసమే కదా ఆ తర్వాత జీవితమంతా క్లాసుకి ముందు వెళ్ళడం, చివర రావడం, గంట కొట్టేదాకా ఎవర్నీ కదలనివ్వకపోవడం. ఆ మాట నిలబెట్టుకోవడం కోసం ఆమె ఏమేం చేసిందో చెప్పాలంటే చాలానే ఉంది, స్నానాల గదికి గొళ్ళెం పెట్టింది, కుక్క గిన్నె ఖాళీ చేసింది. వాడు దండెం మీద ఆరేసిన తడి తువ్వాలు కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటే చూసి పరిగెత్తుకెళ్ళి నాయనమ్మకి చెప్పింది, ఆ పూట నుంచి బట్టలు మేడ మీద ఆరేశారు. ఇవన్నీ ఒక ఎత్తు. అమ్మ మిల్లు నుంచి వచ్చాక, నాయనమ్మ వీధిలో కూర్చున్నప్పుడు, వాణ్ణి ఒళ్ళో దాచుకుని కొంగు అడ్డం పెట్టి నీళ్ళు పట్టేది. అది కూడా ఆమె చెప్పింది. చెప్పమని ఎవరూ అడగలేదు. నాయనమ్మ అమ్మని ఇరుగుపొరుగు వినేలా తిట్టింది, పిల్లాణ్ణి నువ్వే పాడు చేస్తున్నావంది, అమ్మ ఆ తర్వాత పట్టలేదు. ఆ ఒక్కటి చెప్పకపోయి ఉంటే. ఎన్ని వేల లెక్కలు చేసింది జీవితంలో, ఆ ఒక్కటి తీసేస్తే ఏమయ్యేదో మాత్రం ఎప్పుడూ చేసి చూసుకోలేదు.

తర్వాత వాడికి జ్వరమొచ్చింది, వాంతులయ్యాయి. జ్వరంలో చన్నీళ్ళు అసలే కూడదన్నారు. మొదట్లో వాడు ఏడ్చాడు, ఏడిస్తే కన్నీళ్ళు రాలేదు, అది ఆమె చూసింది, దొంగ ఏడుపు అనుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి వాడు అడగడం మానేశాడు. చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని, పిలిస్తే పలక్కుండా, కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాడు. ఆమె ఎంత సంతోషపడిందంటే, స్టూలు మీంచి లేచి వెళ్ళి నాయనమ్మతో “మానేశాడు నాయనమ్మా, ఇంక అడగట్లేదు” అంది. గెలిచిన మనిషి గొంతుతో అంది. సాయంత్రం అమ్మ మిల్లు నుంచి వచ్చేసరికి వాడు లేడు. జ్వరం అన్నారు. మాయదారి జ్వరం, పాడు జ్వరం, అందరూ తలో విశేషణం తగిలించారు, అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఈమెని ఒక్క మాట అనలేదు, నువ్వు ఎందుకు చెప్పావే అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆమెకి పెళ్ళయి పిల్లలు పుట్టి, అమ్మ ముసలిదై మంచాన పడి, చివరి రోజుల్లో ఈమె చేతి నుంచే గ్లాసు అందుకుని తాగుతూ కూడా ఆ మాట ఎత్తలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఈమెకి ఇప్పుడనిపిస్తోంది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. అమ్మ మంచి మనసుతో ఊరుకుందో, ఆ మాట అనడానికి నోరు రాక ఊరుకుందో, ఇంక తెలుసుకునే దారి లేదు.

గది మరీ నిశ్శబ్దంగా ఉందని ఆమెకి ఆలస్యంగా తట్టింది. మనవడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎప్పట్నుంచి అలా ఉన్నాడు? నాన్నా అని పిలిచింది. పలకలేదు. వంగి భుజం పట్టుకుని తనవైపు తిప్పింది. కళ్ళు తెరిచాడు, మెల్లగా, ఆ కళ్ళలో ఆమె మీద కోపం కూడా లేదు. “నీళ్ళు కావాలని అడగవేంరా,” అంది. వాడు ఎండిన నాలికతో ఎండిన పెదవి తడుపుకోబోయి, “అడిగినా ఇవ్వవుగా” అన్నాడు. అంతే అన్నాడు, అని మళ్ళీ చేపల వైపు తిరిగాడు. తమ్ముడు కూడా అంతేనేమో, మానెయ్యలేదేమో, అడిగి అడిగి ఇంక అక్క ఇవ్వదని తెలుసుకున్నాడేమో. పొద్దున డాక్టరు వెళ్తూ అన్న మాట అప్పుడు చెవుల్లోంచి జారిపోయింది, ఇప్పుడు ఒక్కొక్క అక్షరం వచ్చి నిలబడుతోంది. ఈ పిల్లలకి నీళ్ళు ఆపితే నెత్తుట్లో ఉప్పు పెరిగిపోతుందండీ, మెదడుకి దెబ్బ, అందుకే ఇంట్లో ఎప్పుడూ ఆపకూడదు, ఇక్కడైతే మా కళ్ళముందు, మత్తుగా అనిపిస్తే వెంటనే గంట నొక్కండి. ఇంట్లో ఎప్పుడూ ఆపకూడదు. జ్వరం కాదు. ఏ జ్వరమూ కాదు. వాణ్ణి జ్వరం తీసుకుపోలేదు.

చెయ్యి గంట మీదికి పోతూ పోతూ ఉండగానే ఆమె మనసు, దాని పాడు అలవాటు, లెక్క వెయ్యడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు మోస్తారు. అమ్మ మోసింది, తమ్ముడికి పోసింది, నాకూ ఇచ్చింది. నేను పెద్దదానికి ఇచ్చాను, అది వీడికి. ప్రతి బిడ్డకీ సగానికి సగం, బొమ్మా బొరుసూ వేసినట్టు. పెద్దది. పెద్దదాని తర్వాత ఎవరు? చిన్నది. చిన్న కూతురు ఇంకో ఊళ్ళో ఉంది, దానికి మూడో నెల పిల్లాడు, మొన్న పుట్టినప్పుడు నెల రోజులు తనే దగ్గరుండి వచ్చింది కూడా. పిల్లాడు. మగపిల్లాడు. నిన్ననే కదా ఫోన్ చేసింది. “అమ్మా, మళ్ళీ జ్వరమే. పాలు ఆబగా తాగుతాడు, తాగినంతసేపు పట్టదు, కక్కేస్తాడు. బరువు పెరగట్లేదు. ఒకటే ఏడుపు.” ఈమె ఏమంది? ఊరికే కంగారు పడకు, నీకు పిల్లల్ని పెంచడం తెలీదు, అంది. ఇంకా ఏమంది? “ఏడుస్తున్నాడని నీళ్ళు గానీ పట్టేవు, ఆరు నెలల దాకా ఒక్క చుక్క పట్టకూడదు, పాలే,” అంది. లోకంలో పిల్లలందరి విషయంలో అది సరైన మాట. పుస్తకాల్లో ఉన్న మాట, డాక్టర్లు చెప్పే మాట. స్టూలు లేదు, గుమ్మం లేదు, అంత దూరం నుంచి ఫోన్లోనే ఆమె మళ్ళీ కాపలా కాసింది. గంట మీద వేలు పెట్టి నొక్కింది, నొక్కి తియ్యడం మర్చిపోయింది.

నర్సు పరిగెత్తుకొచ్చి ముందు పిల్లాడి చెయ్యి పట్టుకుని చూసి, బాగానే ఉన్నాడమ్మా, ఇంకాసేపట్లో సూది ఇచ్చేస్తాం అంది. “డాక్టర్ని పిలు.” ఇంకొంచెం ఓపిక పట్టండి. “పిలవమన్నానా!” అది గడియారం గొంతు, నలభై మంది పిల్లల్ని ఒక్కసారి కూర్చోబెట్టే గొంతు, నర్సు మారు మాట్లాడకుండా వెళ్ళింది. డాక్టరు వచ్చేసరికి కింద నుంచి కూతురూ వియ్యపురాలూ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళు లేనప్పుడు చెబుదామనుకుంది. లేనప్పుడు చెబితే అది మళ్ళీ దాచడమే అవుతుంది కదా అనుకుంది. లేచి నిలబడింది, పాఠం అప్పజెప్పే పిల్లలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“పొద్దున మీరు అడిగారు, లేరన్నాను. ఉన్నాడండీ. నాకొక తమ్ముడు. వీడిలాగే, అచ్చం వీడిలాగే. నాలుగేళ్ళకి పోయాడు.”

“ఎలా పోయాడమ్మా?”

జ్వరం అన్న మాట, అలవాటు పడ్డ మాట, నాలిక చివరిదాకా వచ్చింది. “నీళ్ళివ్వక,” అంది. “తాగకుండా నన్ను కాపలా పెట్టారు. నేను బాగా కాశాను.”

కూతురు ఆమె వంక ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. “నీకు తమ్ముడేంటమ్మా,” అంది, తర్వాత మంచం మీద పిల్లాణ్ణి చూసి, “పొద్దున్నే చెప్తే వీడికి…” అని ఆపేసింది. ఆపకుండా అనేసినా బాగుండేది, ఇంట్లో అందరూ ఆమెని ఏమీ అనకుండానే వదిలేస్తారు. డాక్టరు తేరుకుని, ఇంక సూది గీది వద్దు, ఇప్పుడే రక్తం తీసి జన్యు పరీక్షకి పంపుదాం, పిల్లాడికి నీళ్ళు ఇచ్చెయ్యండి అంది నర్సుతో. నర్సు జగ్గు కోసం వెళ్ళేలోపు వియ్యపురాలు, ఆ గుండ్రాళ్ళ ఇంటావిడ, చేతిసంచి కింద పడేసి సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి టేపుని గోళ్ళతో పీకడం మొదలుపెట్టింది. ఊడిరాలేదు. “కత్తెర ఉందా ఎవరి దగ్గరైనా, చూస్తారేంటి,” అని కసిరింది, ఆ కసురులో ఈమె ఎదురుచూసిన మాట ఒక్కటీ లేదు. ఈవిడకి భయపడే కదా పొద్దున నోరు మూసుకున్నాను అనుకుంది. సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయింది, కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైం లేదు. డాక్టరు చెయ్యి పట్టుకుంది. “ఇంకొకడున్నాడు డాక్టరుగారూ. మా చిన్నమ్మాయి కొడుకు. మూడో నెల. జ్వరం, వాంతులు, బరువు లేడు. నీళ్ళు పట్టొద్దని నేనే చెప్పాను.”

డాక్టరు మొహంలో నవ్వే పిల్ల మాయమైపోయింది. “ఇప్పుడే ఫోన్ చెయ్యండి. దగ్గర్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి సోడియం చూడమనండి, నేను ఆ డాక్టరుతో మాట్లాడతాను. ఈలోపు కాచి చల్లార్చిన నీళ్ళు పట్టమనండి. వాడు తాగినన్ని.”

చిన్న కూతురు ఫోన్ ఎత్తేసరికి వెనక పిల్లాడి ఏడుపు వినిపించింది, సన్నగా, అరిగిపోయినట్టు. ఏడుపు ఉంది, ఇంకా ఉంది, ఆ ఏడుపు విని ఎవరైనా అంత సంతోషపడతారని ఆమె అనుకోలేదు. “నీళ్ళు పట్టు,” అంది. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. “కాచి చల్లార్చినవి ఉన్నాయా? పాలసీసాలో పోసి పట్టు. ఇప్పుడే, నేను ఫోన్లో ఉండగానే.”

“ఏంటమ్మా, నిన్ననే కదా ఒక్క చుక్క వద్దన్నావు?”

“అన్నాను. తప్పన్నాను. పట్టు ముందు, తర్వాత ఎన్నైనా అడుగు, అన్నీ చెప్తాను, ఏదీ దాచను. పట్టు తల్లీ.”

అటు ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. గిన్నె చప్పుడు, సీసా మూత తిప్పుతున్న చప్పుడు, ఏడుపు దగ్గరికి వచ్చింది. ఇటు మంచం మీద మనవడు రెండు చేతుల్తో గ్లాసు పట్టుకుని దించకుండా తాగుతున్నాడు, వియ్యపురాలు పక్కన నిలబడి రెండో గ్లాసు నింపుతోంది, పెద్ద కూతురు వాడి వీపు మీద చెయ్యి వేసి తల్లి వంకే చూస్తోంది. ఫోన్లో ఏడుపు తెగింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, చెవికి ఫోన్ నొక్కి పెట్టుకుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గుటకలు, చిన్న చిన్నవి, ఒకదాని వెనకొకటి. ఆమె లెక్కపెట్టలేదు.

“తాగుతున్నాడమ్మా,” అంది చిన్న కూతురు. “ఎంత ఆత్రంగా తాగుతున్నాడో… సీసా వదలట్లేదు. సగం పైన అయిపోయింది. భయంగా ఉందమ్మా, ఇంక ఆపనా?”

“ఆపకు,” అంది. “వాడు ఆపేదాకా నువ్వు ఆపకు.”